ఫ్రమ్ ముందా, సెలెక్ట్ ముందా

రహీం చాచా పోయాడని నస్రీన్ ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లి ఆఫీసులో ఏదో రిపోర్టు దగ్గర ఇరుక్కుని ఉన్నాను. మట్టికి, అంటే ఖననానికి, అందుకోలేకపోయాను. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు మాత్రం సెలవు పెట్టి జనగామ వెళ్లాను. స్టేషన్ దారిలో ఉన్న ఆ ఇంటి ముందుగదిలో ఒకప్పుడు చాచా స్టవ్వులు బాగుచేసేవాడు. పంపు స్టవ్వులు, గ్యాసు పొయ్యిలు, పిడి ఊడిన కుక్కర్లు. గడప దాటకముందే కిరోసిన్, కాలిన వాషరు, సబ్బునీళ్లు కలిసిన వాసన ముక్కుకు తగిలేది. గ్యాసు పైపుకు సబ్బునురగ రాసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని ఒక కన్ను మూసి చూసేవాడు ఆయన. ఇప్పుడు అదే గదిలో ఆయన కూతురు నస్రీన్ ఆన్‌లైన్ సెంటర్ నడుపుతోంది. అక్కడిప్పుడు వేడెక్కిన ప్రింటరు వాసన. వచ్చినవాళ్లంతా చాచా మంచితనం గురించి మాట్లాడుకుంటున్నారు. నేనూ తలూపుతూ కూర్చున్నాను గానీ, మనసు మాత్రం ఆ ఇంట్లో నేను గడిపిన కాలం మీదికి పోయింది. ఆ రోజులు తలచుకుంటే ప్రేమకంటే ముందు నాకు విసుగే గుర్తుకొస్తుంది. ఆ ఇంటి మీద కాదు ఆ విసుగు. ఆ ఇంట్లో ఉండి నేను నేర్చుకోబోయి, నేర్చుకోలేకపోయి, చివరికి ఎవరికీ అక్కర్లేనప్పుడు నేర్చుకున్న ఒక చదువు మీద.

మాది మానుకోట దగ్గర ఒక తండా. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊరిని మేము మానుకోట అనే అంటాం. ఇంట్లో మా లంబాడీ మాట, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. బీఏ అయ్యాక ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు, గిరిజన యువతకు జనగామలో ఉచితంగా కంప్యూటర్ నేర్పుతున్నారని తెలిసింది. డేటాబేస్ నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమన్నారు. డేటాబేస్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఉద్యోగం అంటే తెలుసు. మా యాడి, అంటే అమ్మ, ఏటా మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయి, వేళ్లు మంటలెక్కి నిద్రపట్టక నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చునేది. నేను ఆ పనికి పోకూడదని ఆమె పట్టుదల. జనగామలో హాస్టల్ దొరకలేదు. నాతోపాటు అదే క్లాసులో ఫీజు కట్టి చేరిన నస్రీన్, పరిచయమైన కొద్ది రోజులకే, “మా ఇంట్ల ఎన్క అర్ర ఖాళీగనే ఉన్నది, రారాదు” అంది. మా నాయిన ఒకసారి వచ్చి, ఇల్లు చూసి, చాచాతో టీ తాగి, “నీ బిడ్డ లెక్క సూసుకో భాయ్” అని చెప్పి బస్సెక్కాడు.

ఆ ఇంట్లో తెల్లవారడం చాచా పంపు కొట్టే చప్పుడుతో మొదలయ్యేది. ముందురోజు బాగుచేసిన స్టవ్వును పొద్దున్నే ఒకసారి వెలిగించి చూస్తేగాని ఆయన గిరాకీకి ఇచ్చేవాడు కాదు. నీలం మంట నిలకడగా వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడడు. నస్రీన్ వాళ్ల అమ్మీ ఆ మంట మీదే మా అందరికీ టీ పెట్టేసేది. చాచా తల్లి దాదీ వరండాలో పీట వేసుకుని, రాళ్లు లేని బియ్యంలో కూడా రాళ్లు వెతుకుతూ కూర్చునేది. సాయంత్రం మేము క్లాసు నుంచి వచ్చేసరికి ఆ చాట ఇంకా ఆమె ఒళ్లోనే ఉండేది. తలెత్తకుండా అడిగేది, “ఆజ్ క్యా సీకే బేటా?” ఈరోజు ఏం నేర్చుకున్నారు అని. జవాబు ఆమెకు అర్థం కాదు. అయినా చెప్పేదాకా వదిలేది కాదు. మొదట్లో ఆ ప్రశ్న నాకు ముద్దుగా ఉండేది. తర్వాత తర్వాత ఆ వరండా దాటాలంటేనే భయం వేసేది.

మా ఇన్‌స్టిట్యూట్ ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో. చెప్పేది మోహనరావు సార్, గుంటూరు వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. క్వెరీలు మొదలుపెట్టిన రోజు బోర్డు మీద మూడు ఇంగ్లీషు మాటలు ఒకదాని కింద ఒకటి రాశాడు. “సెలెక్ట్ అంటే ఎంచుకో. ఫ్రమ్ అంటే నుంచి. వేర్ అంటే ఎక్కడ. ఇంతేనమ్మా డేటాబేస్‌ని ప్రశ్న అడగడమంటే. చాలా తేలిక” అన్నాడు. మా క్లాసు పిల్లలందరి పేర్లు, ఊళ్లు, మార్కులు ఒక పట్టికగా తయారుచేసి పెట్టాడు. అందులోంచి బచ్చన్నపేట వాళ్ల పేర్లు తీయమన్నాడు.

నేను నాలో నేను ఆ వాక్యాన్ని అనుకుని చూసుకున్నాను. ‘పిల్లల పట్టికలోంచి, ఊరు బచ్చన్నపేట అయినోళ్ల, పేర్లు తియ్యి.’ తెలుగులో అలాగే అంటాం. మా లంబాడీ మాటలోనూ వరుస అదే. పని చెప్పే మాట చివరికే వస్తుంది. అందుకని ముందు ఫ్రమ్ కొట్టాను, తర్వాత వేర్, చివరన సెలెక్ట్. ఎంటర్ నొక్కితే తప్పని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. సార్ వెనక నిలబడి చూసి నవ్వాడు.

“తోక ముందు పెట్టి తల వెనక పెట్టావేంటమ్మా?”

క్లాసంతా నవ్వింది. “గట్ల ఎందుకు రాయొద్దు సార్? ముందుగాల ఏ పట్టికనో చెప్పాలె గద. పట్టికనే తెల్వకుంట పేర్లు ఏడికెల్లి తీస్తది?” అన్నాను.

“గట్ల కాదమ్మా, అలా. అలా రాయకూడదు. రూలు అది” అని పక్క బెంచీకి వెళ్లిపోయాడు. నా మాటను దిద్దాడు. నా ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు.

తర్వాత వేర్ దగ్గర తగులుకున్నాను. ఎక్కడ అన్నాడు కదా, ఊరి పేరు అడిగినప్పుడు బాగానే ఉంది. అరవై మార్కులు దాటినవాళ్లను తీయమంటే చేతులు ఆగిపోయాయి. మార్కులకు ఎక్కడ ఏమిటి? మార్కులు ఎక్కడుంటాయి, కాగితం మీదనా? ఎంతసేపు చూసినా అర్థం కాలేదు. నస్రీన్ తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, “ఎక్కడ అనుకోకే. షరతు అనుకో. గీ షరతుకు ఒప్పినోళ్లే రావాలె, మిగిలినోళ్లు వద్దు. గంతే” అంది. ఆ ఒక్క మాటతో అరగంట ముడి విడిపోయింది. ఇంటికి వచ్చాక దాదీకి అదే చెప్పాను, “ఆజ్ షరత్ సీకే దాదీ.” ఆమెకు ఆ రోజు మాత్రం జవాబు అర్థమైంది. బియ్యంలోంచి తలెత్తి, షరతులు పెట్టడం నేర్చుకున్న ఆడపిల్లకు పెండ్లి కాదని నవ్వింది.

అలా నడుస్తూ ఉంటే బాగానే ఉండేది. నడవలేదు. కరెంటు పోయేది. యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొత్తుకుంటుంటే మేము గబగబా కొట్టేవాళ్లం. సగం క్వెరీ తెర మీద ఉండగానే తెర నల్లబడేది. కరెంటు వచ్చాక మళ్లీ సెలెక్ట్ నుంచి మొదలు. ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి. భూపాలపల్లిలో బొగ్గుబావుల కార్మికులు దిగకపోయేసరికి కరెంటు ఇంకా తగ్గింది. మేమేమీ గట్టున నిలబడి చూసినవాళ్లం కాము. నస్రీనూ నేనూ రోజూ దీక్షా శిబిరంలో కూర్చున్నాం. రోడ్డు మీద వంటావార్పు పెడితే చాచా బాగుచేసిన పెద్ద బర్నర్లు భుజం మీద మోసుకొచ్చి పెట్టాడు. అమ్మీ నడిరోడ్డు మీద గంజులో బగారన్నం వండింది. ఆ పొగలో, ఆ పాటల్లో, అంతమంది ఆడవాళ్ల మధ్య నిలబడినప్పుడు నాకు గుండె నిండిపోయేది. సాయంత్రం అదే దారిలో తిరిగి వస్తూ, బట్టల దుకాణం మీద తాళం వేసి ఉన్న గది చూస్తే అదే గుండెలో ఏదో గీరుకునేది. రెండూ నిజమే. ఒకటి ఇంకొకదాన్ని తగ్గించలేదు.

ఒకరోజు నేను అన్నం కలిపి తినకుండా కూర్చుంటే చాచా గమనించాడు. “పరేషాన్ గాకు బిడ్డా” అన్నాడు. తర్వాత తనే, చేతులు తుడుచుకుంటూ, “నాకు సుత సమజైతలేదు. రాష్ట్రమొస్తే కొలువులొస్తయంటున్నరు. కొలువులకు గీ చదువే అడుగుతరు. గీ చదువేమో బంద్ ఉన్నది. బంద్ తప్పంటమా, అనలేం. ఎవలినని ఏమంటం?” అన్నాడు. ఎవరినీ ఏమీ అనలేకపోవడమే ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే బరువుగా ఉండేది. తిట్టడానికి ఒక మనిషి దొరికినా బాగుండేది.

సార్ కూడా ఆ రోజుల్లో మారిపోయాడు. ఆయనను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా టీ హోటల్లో ఎవరో మామూలుగా “మీది ఏ ఊరు సార్” అని అడిగిన తర్వాత, ఆయన అక్కడ మాట్లాడటం మానేశాడు. వేలితో చూపించి టీ తీసుకునేవాడు. నోరు విప్పితే ఊరు తెలిసిపోతుందని. ఆ భయం నాకు తెలుసు. సినిమాల్లో మా మాట వినపడితే జనం ఎందుకు నవ్వుతారో తెలిసినప్పటి నుంచి నాకు ఉన్న భయమే అది. ఆయన మీద జాలి వేసింది. ‘ఇప్పుడు తెలిసిందా’ అని కూడా అనిపించింది. మధ్యలో ఇన్‌స్టిట్యూట్ తెరిచిన ఒకరోజు ఆయన గ్రూప్ బై చెప్పాడు. ఊరి వారీగా పిల్లలను కుప్పలు పెట్టి, ఒక్కో కుప్పలో ఎంతమందో లెక్కించడం. జనగామ నుంచి ఇంతమంది, లింగాల ఘనపూర్ నుంచి ఇంతమంది అని తెర మీద వరుసగా వచ్చేసరికి అందరం ముందుకు వంగాం. “ఇందులో ఎక్కువమంది ఉన్న ఊళ్లే కావాలంటే హ్యావింగ్ అని ఒకటుంది. రేపు చెప్తాను” అన్నాడు. మరునాడు ఇన్‌స్టిట్యూట్ తెరవలేదు. ఆ వారమంతా తెరవలేదు. దసరాకు ఊరికి పోయొస్తానని వెళ్లిన సార్ తిరిగి రాలేదు.

కొత్త సార్ దొరకలేదు. సమ్మె ముగిశాక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు గది తెరిచి, మీకు మీరే ప్రాక్టీసు చేసుకోండని చెప్పారు. దాదీ ప్రశ్న మాత్రం ఆగలేదు. “ఆజ్ క్యా సీకే?” “కుచ్ నై దాదీ.” ఏమీ లేదు. రోజూ అదే జవాబు.

అప్పుడే భూపాలపల్లి నుంచి పిలుపు వచ్చింది. గనుల దగ్గర కార్మికుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పనికి ఒక కాంట్రాక్టు సంస్థ మనుషులను తీసుకుంటోంది. మేమిద్దరం హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా పోయాం. ఊరు దగ్గరపడుతుంటే బస్సు కిటికీ మీద నల్లటి దుమ్ము పేరుకుంది. మట్టి దిబ్బలు కొండల్లా లేచి ఉన్నాయి. ఒకే తీరు క్వార్టర్లు వరుసగా, వాటి మధ్య దండేల మీద బట్టలు. గనిలో షిఫ్టు మారే సైరన్ మోగితే నస్రీన్ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

పరీక్ష కంప్యూటర్ మీదే. మొదటి రెండు ప్రశ్నలు సులువు. ఎవరి పేర్లు, ఏ షరతు, ఏ వరుసలో. ఆర్డర్ బై పెట్టి పేర్లను అక్షరాల వరుసలో కూడా తెచ్చాను. మూడోది: ఇరవై మంది కంటే ఎక్కువున్న సెక్షన్లు మాత్రమే చూపించు. గ్రూప్ బై రాశాను. ఇరవై కంటే ఎక్కువ అన్నది షరతు కదా, షరతంటే వేర్ కదా. వేర్ పక్కన లెక్కించే మాట పెట్టి ఎంటర్ కొట్టాను. ‘ఈ మాట ఇక్కడ చెల్లదు’ అని ఇంగ్లీషులో వచ్చింది. అటు మార్చాను, ఇటు మార్చాను. ఇక్కడ చెల్లదు. మరెక్కడ చెల్లుతుంది? అది చెప్పదు. ఇక్కడ చెల్లదని మాత్రం ఎన్నిసార్లయినా చెబుతుంది. టేబుల్ పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. పరీక్ష పెట్టినాయన నా తెర చూసి, “హ్యావింగ్ రాదా?” అన్నాడు.

“పేరు విన్న సార్. చెప్పలేదు మాకు.”

“డిగ్రీ చదివి పేరు విన్నానంటే ఎలాగమ్మా” అని నా కాగితం మీద ఏదో గీసుకుని ముందుకు పోయాడు. సమ్మె అని చెప్పాలనుకున్నాను. కరెంటు అని, రేపు చెప్తానన్న సార్ అని. అవన్నీ నా నోట్లోనే సాకుల్లా మారిపోయాయి. నస్రీన్ మూడో ప్రశ్న చూడగానే లేచి బయటికొచ్చి వేరుశనక్కాయలు తింటోంది. “పోనియ్యే, గీ బొగ్గు దుమ్ముల ఎవరుంటరు” అంది. నేను జనగామ దాకా ఆమెతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం దాదీ అడిగింది. నాకు ఎక్కడలేని ఏడుపు వచ్చి, “నాకేం రాదు దాదీ, రోజూ అడగకు” అన్నాను. చాట పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. చాచా ముందుగదిలోంచి వచ్చి సంగతి అడిగాడు. విని, తన సెల్‌ఫోను నస్రీన్ చేతికిచ్చాడు. “మీ సారు నంబరున్నది గద. చెయ్యి. రాని మనిషిని రమ్మంటలేం. అడిగితే చెప్పడా?”

నస్రీన్ నంబరు కలిపి ఫోను నాకిచ్చింది. సార్ వెంటనే ఎత్తాడు. నా గొంతు గుర్తుపట్టాడు. పరీక్ష సంగతి చెప్పాను. “వేర్ దగ్గర లెక్క పెడితే తీసుకుంటలేదు సార్.”

“తీసుకోదమ్మా. వేర్ నడిచేటప్పటికి కుప్పలే ఉండవు. లేని కుప్పలో ఎంతమందో ఎలా లెక్కపెడుతుంది? ముందు ఫ్రమ్ నడుస్తుంది, పట్టిక తెచ్చుకుంటుంది. తర్వాత వేర్, ఒక్కో మనిషిని చూసి అక్కర్లేనివాళ్లను తీసేస్తుంది. అప్పుడు గ్రూప్ బై కుప్పలు పోస్తుంది. ఆ తర్వాత హ్యావింగ్, ఏ కుప్ప ఉండాలో ఏది పోవాలో చూస్తుంది. మనిషికి పెట్టే షరతు వేర్, కుప్పకు పెట్టే షరతు హ్యావింగ్. ఇదంతా అయ్యాకే సెలెక్ట్. వచ్చినవాటిని ఆర్డర్ బై వరుసలో పెడుతుంది.”

“సెలెక్ట్ అంత ఎన్కనా సార్?”

“అంత వెనకే. రాసేది ముందు, జరిగేది వెనక.”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “మరి నేను మొదటిరోజు గట్లనే రాసిన గద సార్. ముందు ఫ్రమ్, ఎన్క వేర్, ఆఖరుకు సెలెక్ట్. తోక ముందు పెట్టినవని నవ్విన్రు.”

“రాసే రూలు అదేనమ్మా. నేను చెప్పింది తప్పు కాదు” అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. కంఠతా పట్టి పాసయ్యాను. తర్వాత ఎప్పుడో పుస్తకంలో చూశాను ఈ వరుస” అన్నాడు. మళ్లీ వస్తారా సార్ అని అడిగాను. చూద్దాంలే అమ్మా అన్నాడు. రాడని ఇద్దరికీ తెలుసు.

మరునాడు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి హ్యావింగ్ రాశాను. ఒక్కసారికే వచ్చింది. నస్రీన్ చప్పట్లు కొట్టింది. నాకు సంతోషం కలగలేదు. యంత్రం లోపల పని మా యాడి మాట్లాడే వరుసలోనే జరుగుతోందని, పైన మాత్రం ఇంకో వరుసలో రాయించుకుంటోందని తెలిశాక, ఒక్కో క్వెరీ కొడుతున్నప్పుడల్లా ఎవరో నా మీద నవ్వినట్టే ఉండేది. పంతం పట్టి అన్నీ నేర్చుకున్నాను. రెండు పట్టికలు కలపడం, ఒక ప్రశ్నలో ఇంకో ప్రశ్న పెట్టడం, ఎవరూ చెప్పనివన్నీ. దాదీకి మళ్లీ రోజూ జవాబు చెప్పాను.

రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి తండాలో మా నాయిన డప్పు ముందు ఎగిరాడు. కొన్నాళ్లకు జిల్లాలు పెరిగి భూపాలపల్లి జిల్లా కేంద్రమైంది. కొత్త ఆఫీసులకు కంప్యూటర్ ఆపరేటర్లు కావాలన్నారు. ఈసారి హ్యావింగ్ అడిగినా, దాని తాతను అడిగినా చెప్పగలనని పోయాను. ఒక పేరా తెలుగులో, ఒక పేరా ఇంగ్లీషులో టైపు చేయమన్నారు. చేశాను. లేవమన్నారు. “క్వెరీలు అడగరా సార్?” అన్నాను. ఆయన మంచిగానే నవ్వాడు. “గదంత సాఫ్ట్‌వేరోళ్లు చూసుకుంటరమ్మా. నువ్వు తప్పులు లేకుంట ఎక్కిస్తే సాలు.” ఆయన మాట మా మాటే. గట్ల, గిట్ల అంటే దిద్దేవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. దానికోసమే కదా అంత కొట్లాడాం. ఉద్యోగం వచ్చింది. బయటికొచ్చి బస్టాండు బల్ల మీద కూర్చుంటే ఆ సంతోషం మీద విసుగు బూడిదలా రాలుతూనే ఉంది.

ఇప్పటి పిల్లలకు ఇదంతా చెబితే వింతగా చూస్తారు. వాళ్లకు కరెంటు పోవడం తెలియదు, రేపు చెప్తానన్న సార్ కోసం ఎదురుచూడటం తెలియదు. అందుకు సంతోషించాలి, సంతోషిస్తాను కూడా. చాచా ఇంటి నుంచి తిరిగొచ్చిన వారంలోనే మా ఆఫీసులో శిరీష అనే అమ్మాయి తన కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. మామూలు మాటల్లో అడిగితే క్వెరీ రాసిపెట్టేది ఏదో కొత్తగా వచ్చిందట. “తెలుగుల సుత అడగొచ్చక్కా. నువ్వే అడుగు” అంది. నేను దాన్ని ఇబ్బంది పెడదామనే నా నోటికొచ్చినట్టు కొట్టాను, ‘అర్జీల పట్టికలకెల్లి వందకు మీద అర్జీలొచ్చిన మండలాలు జర సూపెట్టు’ అని. రెప్పపాటులో తెర మీద వరుసలు దిగాయి. సెలెక్ట్, ఫ్రమ్, గ్రూప్ బై, హ్యావింగ్. నేను అడిగిన వరుస అర్థం చేసుకుంది, నా యాస అర్థం చేసుకుంది, నవ్వలేదు, దిద్దలేదు. తప్పు ఎక్కడైనా ఉంటుందేమోనని ఒక్కో మాటా చదివాను. ఉండాలని కోరుకున్నాను కూడా.

“ఏందక్కా, తప్పున్నదా?” అంది శిరీష.

“లేదు. కరెక్టే ఉన్నది.”

ఆమె ప్రింటరులో కాగితాలు పెట్టడానికి లేచింది. నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. తెర మీదున్నదంతా చెరిపేసి, ఆ క్వెరీని మొదటి నుంచి నా చేత్తో కొట్టడం మొదలుపెట్టాను.